మొక్కలకు తానం పోసిన రోజు

నీళ్లు పోయక మొక్కల్ని చంపినవాళ్లను మీరు చూసే ఉంటారు. ఎక్కువ పోసి చంపినవాళ్లనూ చూసి ఉంటారు. శుభ్రంగా స్నానం చేయించి, ఒళ్లు తుడిచి, ముస్తాబు చేసి మరీ చంపబోయినవాణ్ని మాత్రం చూసి ఉండరు. చూడాలని ఉంటే టేకులపల్లి వైపు తండాల్లో ఎవరినడిగినా నా జాడ చెబుతారు. నా పేరు అక్కర్లేదు. ‘తానం సారు’ అంటే చాలు.

ఆ బిరుదు ఎలా వచ్చిందో చెబుతాను. మధ్యలో నవ్వొస్తే నవ్వేయండి, మొహమాటం వద్దు. ఆ రోజు నా ముందే నవ్వినవాళ్లను తట్టుకున్నవాణ్ని, మీదొక లెక్కా?

అప్పటికి నాకు ఉద్యోగం కొత్త. అడవి అంచున చెలకలున్న చిన్న రైతుల చేత పొలాల్లోనే చెట్లు పెంచించే ఒక సంస్థలో ఫీల్డు పని. ఆ చెలకలు ఎలాంటివంటే, మంచి మట్టి అంతా ఏటా వానకు వాగులోకి పోయి, పైన మొరం తేలిపోయి, పత్తి వేస్తే మోకాలెత్తు కూడా లేవని నేలలు. గట్ల మీదా సాళ్ల మధ్యా చింత, మునగ, అవిశ, మామిడి పెడితే వేళ్లు మట్టిని పట్టుకుంటాయి, రాలిన ఆకు నేలలో కలుస్తుంది, కొన్నాళ్లకు మధ్యలో కందీ జొన్నా నిలబడతాయి. ఇదీ నేను మీటింగుల్లో చెప్పే పాఠం. అంత బాగా చెప్పేవాడు జిల్లాలో లేడని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాతో తప్ప ఇంకెవరితోనూ పంచుకోలేదు కాబట్టి చాలాకాలం చెక్కుచెదరలేదు.

నా పాఠం విని నిజంగా తన చెలకంతా మొక్కలు పెట్టింది నేను తిరిగే ఒక తండాలో ద్వాలీ అక్క ఒక్కతే. ఆమె భర్త లచ్చీరాంకు మాత్రం జామాయిల్ మీద మనసు. చుట్టుపక్కల ఎటు చూసినా జామాయిల్ తోటలే మరి.

“జామాయిల్ పెడితే నీళ్లు పెట్టుడు లేదు, కావలి లేదు. పెరిగినంక లారీ వచ్చి కొట్టుకపోతది” అనేవాడు.

“అది పెరిగేదాక ఏం తినాలె? జామాయిల్ ఆకు కూరొండుకోవాల్నా?” అనేది ద్వాలీ అక్క.

మొత్తానికి నా ఎదుటే ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. “ఈ ఎండకాలం పోయేదాక చూస్త. మొక్కలు బతికితే నీ ఇష్టం. బతకకుంటే వానలు పడంగనే జామాయిల్ పెడత. అప్పుడు నన్నేం అనొద్దు” అన్నాడు లచ్చీరాం. ఆమె సరేనంది. ఆ రోజు నుంచి తండా చివరి బోరింగు దగ్గర్నుంచి బిందెలతో నీళ్లు మోసి ఆ మొక్కల్ని సాకింది. కాళ్లకు చెప్పుల్లేకుండా మొరం మీద, నెత్తిన బిందెతో ఆమె రావడం ఎన్నిసార్లు చూశానో. నేను మాత్రం గట్టు మీద నిలబడి, “అవ్ అక్కా, గట్లనే పొయ్యాలె” అని ప్రోత్సహించేవాణ్ని. ప్రోత్సాహం బిందెకన్నా బరువని అప్పట్లో నా అభిప్రాయం.

ఇక అసలు విషయం. పంటలు కోసేశాక ఆ వైపు మేకల్ని, పశువుల్ని విడిచిపెడతారు. చుట్టూ అంతా ఎండిపోయి ఉంటుంది. పచ్చగా కనిపించేవి మనం పెట్టిన మొక్కలే. కంచె వేద్దామని ముళ్లకంప కోసం అడవిలోకి వెళ్తే ఫారెస్టు వాళ్లతో పేచీ. అందుకని పేడను నీళ్లలో చిక్కగా కలిపి ఆకులకు పూస్తారు. మేక వస్తుంది, వాసన చూస్తుంది, మూతి తిప్పుకుని పోతుంది. ఇది అక్కడ అందరికీ తెలిసిన ఉపాయమే. నేనూ ప్రతి మీటింగులో చెప్పేవాణ్ని. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి. తెలియక చేశానని తప్పించుకునే దారి నాకు లేదు.

ద్వాలీ అక్క అత్తగారు సోనీ అవ్వకు ఒక మంద మేకలున్నాయి. అవి రోజూ ఆ గట్ల మీద నుంచే పోయేవి, వచ్చేవి. ఒక్క ఆకు ముట్టేవి కావు.

అలా అంతా బాగానే జరుగుతుంటే మా ఆఫీసు నుంచి ఫోను. హైదరాబాదు నుంచి మా సంస్థ పెద్ద మేడమ్ వస్తున్నారట. ద్వాలీ చెలక చూస్తారట. నచ్చితే చెలక పైభాగాన నీటికుంట తవ్విస్తారట. కుంట వస్తే ఇక బిందెలు మోయక్కర్లేదు. వేసవిలో మొక్కలు బతుకుతాయి. లచ్చీరాం నోట జామాయిల్ మాట రాదు. అంతా ఆ ఒక్క పూట మీద ఆధారపడి ఉంది.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. తప్పు ఆమె మీదికి నెట్టడానికి కాదు. కొంచెం అందుకే.

నేను కొత్తగూడెం వైపు బొగ్గుగనుల కాలనీలో పుట్టి పెరిగాను. అక్కడ పొద్దున తుడిచిన చోట సాయంత్రానికి మళ్లీ నల్లటి దుమ్ము. అందుకే చుట్టాలొస్తున్నారంటే మా ఇంట్లో కడగనిది ఉండదు. వాకిలి, కిటికీ చువ్వలు, నాన్న సైకిలు, కుండీల్లో మందారం, తులసి. ఆకుల్ని అమ్మ తడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచేది. ఆ తర్వాత అదే ఊపులో మమ్మల్ని. ముఖం మీద చర్మం వేరు, బొగ్గు వేరని ఆమె చేతికి తెలిసేది కాదు. పచ్చటి ఆకు తళతళలాడితేనే ఇంటికి మర్యాద అని నా రక్తంలో ఇంకిపోయింది.

అలాంటి రక్తంతో వెళ్లి ఆ మొక్కల్ని చూశాను. ఒక్కటీ పచ్చగా లేదు. అన్నీ గోడకు పిడకలు కొట్టినట్టు పేడతో బిగుసుకుని ఉన్నాయి. హైదరాబాదు మేడమ్‌కు ఇవి చూపించడమా?

“అక్కా, రేపు పొద్దుగాల మొక్కలన్ని కడుగుదాం” అన్నాను.

“ఎందుకు?”

“మేడమ్ వస్తుంది గద. పచ్చగ కనవడాలె.”

“మేకలకు గూడ కనవడ్తయి గద తమ్మీ.”

“ఒక్క పూటనే అక్కా. మేడమ్ పోంగనే మల్ల పెండ పూద్దాం. అవ్వకు నేను చెప్త, మేకల్ని వాగు దిక్కు తోలుకపొమ్మని.”

ద్వాలీ అక్క కాసేపు మొక్కల్ని చూసింది, కాసేపు నన్ను చూసింది. “నాకైతే మనసొప్పుతలేదు. నీ ఇష్టం” అంది. ఈ రెండు వాక్యాల్లో నాకు రెండోది మాత్రమే వినబడింది.

సోనీ అవ్వ దగ్గరికి వెళ్లాను. ఆమె ఏదీ వివరంగా తెలుసుకోకుండా ఒప్పుకునే మనిషి కాదు.

“మీ మేడమ్ ఎప్పుడొస్తది?”

“పొద్దుగాల పదింటికల్ల వస్తది అవ్వా.”

“ఎప్పుడు పోతది?”

“పగటీలికి, మధ్యాన్నం కల్ల పోతది.”

“అయితే పగటీలి దాక ఇటు రాను. తర్వాత మాత్రం నా తొవ్వ నాదే” అంది.

ఆ రోజు ఇచ్చిన మాట మీద నిలబడ్డ మనిషి మొత్తం కథలో ఆమె ఒక్కతే.

మర్నాడు తెల్లారేసరికి నీళ్ల ట్యాంకరు కిరాయికి తెచ్చాను. మగ్గులు, పాత లుంగీ గుడ్డలు సిద్ధం. మొదటి గట్టు దగ్గర మొదలుపెట్టాను. మగ్గుతో నీళ్లు పోసి, ఎండి అతుక్కున్న పేడను వేళ్లతో మెల్లగా రుద్ది, గుడ్డతో అద్దుతూ ఆకు ఆకూ తుడిచాను. లచ్చీరాం నోట్లో వేపపుల్లతో వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

“సారూ, సబ్బు తేవాల్నా?”

నేను ఇంకో మగ్గు పోశాను.

“ఇంట్లో షాంపూ పాకీటు గూడ ఉన్నది.”

“లచ్చీరామన్నా, జర పని చేసుకోనియ్యి.”

“చేసుకో, చేసుకో. గా మునగకు తల సరిగ తుడువు. జలుబు జేస్తది.”

నేను ఆయన వైపు చూడకుండా మునగ తల మరోసారి తుడిచాను. ఎందుకైనా మంచిదని.

పైగట్టు దాకా వచ్చేసరికి ట్యాంకరు ఖాళీ. ఆ గట్టు మీది మొక్కలు పేడతోనే ఉండిపోయాయి. ఫర్వాలేదు, అంత ఎత్తు ఎవరెక్కుతారులే అనుకున్నాను. పైగా అటు చూపు పోకుండా అడ్డంగా షామియానా వేయించాను, కుర్చీలు వేయించాను, బంతిపూల తోరణం కట్టించాను. వెనక్కి తిరిగి చూస్తే కింద గట్లన్నీ పచ్చగా నిగనిగలాడుతున్నాయి. నిజం చెబుతున్నా, కళ్లు చెమర్చాయి. ఫొటోలు తీసి ఆఫీసు గ్రూపులో పెడితే మా పెద్దసారు బొటనవేలు బొమ్మ పంపాడు. ఆ వేలు చూసుకుని మురిసిపోతూ మేడమ్‌కు ఎదురు వెళ్లడానికి రోడ్డు మీదికి నడిచాను. ద్వాలీ అక్క ఇంట్లో వంట చూస్తోంది. లచ్చీరాం ఇంకో రెండు కుర్చీల కోసం పక్క తండాకు వెళ్లాడు. చెలక దగ్గర ఎవరూ లేరు.

మేడమ్ వాళ్లు రాత్రి భద్రాచలంలో దిగారు. పది దాటాక ఫోను చేశాను. డ్రైవరు ఎత్తాడు.

“దర్శనంల ఉన్నం సారూ. ఇక్కడి దాక వచ్చి రాములోరిని చూడకుండ వస్తమా?”

చూడాల్సిందే. కాసేపాగి మళ్లీ చేశాను. ప్రసాదం లైన్లో ఉన్నారట. ఇంకాసేపటికి టిఫిను. ఆ తర్వాత గోదావరి ఒడ్డున ఫొటోలు. ఎండ నెత్తి మీదికి వచ్చింది, నెత్తి దాటి కూడా పోయింది. నేను చేతిలో దండ పట్టుకుని రోడ్డు పక్క వేపచెట్టు కింద నిలబడే ఉన్నాను. మధ్యాహ్నం దాటింది కదా, మేకల సంగతి గుర్తు రాలేదా అని మీరు అడుగుతారు. రాలేదు. నాకప్పుడు గుర్తున్నది మేడమ్ ముందు చెప్పబోయే ఉపన్యాసం ఒక్కటే. దాన్ని వేపచెట్టుకు రెండుసార్లు వినిపించాను.

చివరికి కారు వచ్చింది. మేడమ్ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కాళ్లకు కాన్వాస్ బూట్లు, నెత్తిన టోపీ. నేను ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి చెబుతూ వెళ్తున్నాను. “మేడమ్, ఇప్పుడు మీరు చూడబోయేది ఒకప్పుడు ఒట్టి మొరం. ఇప్పుడు చూడండి” అని చెయ్యి చాపాను.

చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

గట్ల మీద పుల్లలున్నాయి. పుల్లల మధ్య మేకలున్నాయి. షామియానా కింద, మేడమ్ కోసం ప్రత్యేకంగా తువ్వాలు పరిచిన కుర్చీలో సోనీ అవ్వ కూర్చుని ఉంది. తోరణంలో సగం లేదు. మిగతా సగం ఒక మేకపోతు నోట్లో వేలాడుతోంది.

“అవ్వా, ఇదేంది?” అన్నాను.

“పగటీలి దాటింది గద. మీ మేడమ్ పోయిందనుకున్న.”

“మరి మేకల్ని ఆపొద్దా?”

“ఎన్నడన్న ఆపిన్నా? రోజు పోయేటివేనాయె. ఒక్కనాడు ముట్టలే. ఇయ్యాల్నే గిట్ల మీద వడ్డయి. ఏం పెట్టినవ్ సారూ వీటికి?”

మేడమ్ దగ్గరికి వచ్చి ఒక మునగ పుల్లను పరీక్షగా చూశారు. “ఇవేంటి?”

ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నాకే ముద్దొస్తుంది. “కొమ్మల కత్తిరింపు మేడమ్. ఇట్ల కత్తిరిస్తే గుబురుగా వస్తాయి” అన్నాను.

“ఎవరు కత్తిరించారు?”

అంతలో ఒక మేక మా ఇద్దరి మధ్య నుంచి మెడ చాపి ఆ పుల్లకున్న ఆఖరి ఆకును కూడా కత్తిరించింది.

అప్పటికి ద్వాలీ అక్క వచ్చింది. చేతిలో మేడమ్ కోసం తెచ్చిన మజ్జిగ చెంబు. గట్టు మొదట్లో ఆగి, ఆ పొడుగునా చూసింది. అరవలేదు, మేకల్ని తరమలేదు. చెంబు కింద పెట్టి, అవిశ పుల్ల ఒకటి చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. ఇంతసేపూ మిమ్మల్ని నవ్విస్తున్నాను గానీ, ఆ క్షణంలో నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆమె బిందెలు మోసిన ఆ గట్టు మీద నేను ఎన్నడూ ఒక్క బిందె మోయలేదు. ఆమె మోసి పెంచినవాటిని ఒక్క పూటలో మేకలకు వడ్డించాను. చాలా సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

మేడమ్ పైకి నడవడం మొదలుపెట్టారు. షామియానా పక్కనుంచి, కుర్చీలు దాటుకుని నేరుగా పైగట్టు మీదికి. అడ్డం పెట్టినవన్నీ వృథా. అక్కడి మొక్కలు పేడ పూతతో, వికారంగా, నిండా ఆకులతో నిలబడి ఉన్నాయి. ఆవిడ ఒక ఆకును తాకి, వేలు వాసన చూసుకున్నారు.

“ఇవి ఎందుకు బాగున్నాయి?”

“పెండ పూసినం గద మేడమ్. మేకలు ముట్టవు” అంది వెనకే వచ్చిన ద్వాలీ అక్క.

మేడమ్ ముఖం విప్పారింది. నా వైపు తిరిగి, “ఓ, పూసినవీ పూయనివీ పక్కపక్కన పెట్టి తేడా చూపిస్తున్నారా? మంచి ఆలోచనే” అన్నారు.

నేను తల ఊపానని అందరూ అంటారు. నేను ఊపలేదు. అదే ఊగింది.

“కింది వాటికి గూడ పూసినమే” అంది ద్వాలీ అక్క.

“మరి ఏమైంది?”

“సారు కడిగిండు.”

“ఎందుకు?”

“మీరొస్తుండ్రని.”

మొదట నవ్వింది డ్రైవరు. ఆ తర్వాత మేడమ్. టోపీ తీసి దాంతో ముఖం కప్పుకుని నవ్వారు. పొద్దున పోయిన లచ్చీరాం సరిగ్గా అప్పుడే నెత్తిన రెండు కుర్చీలతో తిరిగొచ్చాడు. గట్లను చూశాడు, నన్ను చూశాడు, కుర్చీలు దించాడు.

“నేను మొదట్నుంచి చెప్తనే ఉన్న. జామాయిల్ అయితే తానం పోసినా, పూలు పెట్టినా ఏ మేకా ముట్టదు. ఇగ పీకేద్దాం ఇవన్ని” అన్నాడు.

ద్వాలీ అక్క చేతిలోని పుల్లతో నన్ను చూపించింది. “పీకేది ఉంటే సారును పీకు. మొక్కల జోలికి రాకు. వాటి తప్పేమున్నది? వేర్లు ఉన్నయి. నువ్వు ఎండకాలం దాక అన్నవ్. ఎండకాలం ఇంక అయిపోలే.”

లచ్చీరాం తను తెచ్చిన కుర్చీల్లో ఒకదాన్ని లాక్కుని కూర్చున్నాడు. మేడమ్ నవ్వు ఆపి, కుంట సంగతి చిగుర్లు చూశాకే చెబుతానన్నారు. ఆ తర్వాత నాకు శిక్ష పడింది. పూర్తిగా చిగురించేదాకా మొక్కలకు పేడ పూసే పని నాది. మొదటి విడత అప్పుడే, అందరి ముందూ. ఉపన్యాసం కోసమని ఇస్త్రీ చేయించుకున్న తెల్ల చొక్కాతో బకెట్లో చేతులు ముంచి ప్రతి పుల్లకూ పూశాను. డ్రైవరు వీడియో తీశాడు. సాయంత్రానికి అది ఆఫీసు గ్రూపులో ఉంది. పొద్దున బొటనవేలు పంపిన పెద్దసారు ఈసారి ఏ బొమ్మా పంపలేదు.

బస్సులో కండక్టరు నన్ను వెనక మెట్ల దగ్గరే నిలబడమన్నాడు. ఇంటికి వెళ్తే అమ్మ గడప దగ్గరే ఆపి, పెరట్లో కుళాయి కింద కూర్చోబెట్టి, చిన్నప్పటిలాగే రుద్దింది. “పొలం పని అని పోయి పెండల పొర్లినవేందిరా?” అని అడిగింది. నీ పెంపకమే అమ్మా అని చెప్పలేకపోయాను, నోట్లో సబ్బు ఉంది.

ఆ తర్వాత ప్రతి వారం వెళ్లి పేడ కలిపాను. ఈసారి బిందెలు కూడా మోశాను. ప్రోత్సాహం తేలికని అప్పుడు తెలిసింది. లచ్చీరాం ప్రతిసారీ గట్టు మీద కూర్చుని నా పని చూసేవాడు. ఒకరోజు లేచి వచ్చి నా చేతిలోంచి బకెట్ లాక్కున్నాడు.

“ఏం పూస్తున్నవ్ సారూ, ఆకు కింద వదిలేస్తున్నవ్. మేక కిందికెళ్లి తింటది. అటు జరుగు” అని తనే పూయడం మొదలుపెట్టాడు. మరుసటి వారం నేను వెళ్లేసరికి సగం గట్టు పూసేసి ఉంది. ఎవరు పూశారని అడిగితే, “ఎవలో మరి” అని అటు తిరిగాడు. ఆయన మోచేతుల దాకా పేడ.

మునగ, అవిశ ముందు చిగురించాయి. చింత చాలా సతాయించింది గానీ చివరికి అదీ కళ్లు తెరిచింది. కొన్ని పోయాయి, వాటి బదులు కొత్తవి పెట్టాం. చిగుర్ల ఫొటోలు చూసి మేడమ్ కుంటకు సరేనన్నారు. ఇప్పుడు ఆ చెలకలో కంది నిలబడుతోంది, గట్టు వెంట మట్టి ఆగుతోంది. జామాయిల్ మాట ఎత్తితే లచ్చీరాం మనకే పాఠం చెబుతాడు. నాకన్నా బాగా చెబుతాడు. వినలేక నేనే లేచి వచ్చేస్తాను.

మొన్న ద్వాలీ అక్క ఫోను చేసింది.

“తమ్మీ, రేపు మేడమ్ మల్ల వస్తుందట, చెట్లు చూడనీకి.”

“మంచిదక్కా. నేను పొద్దుగాల్నే వచ్చి...”

“నువ్వు సెలవు పెట్టు.”

పెట్టాను.

కాబట్టి చదువరులారా, గోదావరి నీళ్ల మీద, మా అమ్మ తడిగుడ్డ మీద, నా తెల్ల చొక్కాకు ఇప్పటికీ వదలని ఆకుపచ్చ మరక మీద ప్రమాణం చేసి ప్రకటిస్తున్నాను. ఇకమీదట ఎంత పెద్ద మేడమ్ వచ్చినా, స్వయానా మా చుట్టాలే వచ్చినా, నేను ఏ మొక్కకూ స్నానం చేయించను, తల తుడవను, ముస్తాబు చేయను. వాన పడి ఏ ఆకైనా తనంతట తానే శుభ్రపడితే దానికి నాకూ ఏ సంబంధమూ లేదు. ఈ ఒట్టుకు సాక్షులు సోనీ అవ్వ మేకలు. పాపం, వాటికి మాత్రమే నా మీద ఏ కోపమూ లేదు. తండా మలుపులో నా అలికిడి వినబడితే చాలు, ఇప్పటికీ మంద మొత్తం పరుగున వచ్చి, చేతిలో మగ్గు ఉందేమోనని చూస్తుంది.